తూర్పు తప్పిన రాయి

కోడలిగా వచ్చిన నాటి నుంచి కుమూష్‌కు చేతినిండా పనే. గుడారం విప్పాలి, కట్టాలి, బండి తోలాలి, గొర్రెబొచ్చు దంచి కంబళ్లు చేయాలి. గడ్డిమైదానాల్లో తిరిగే కిప్చాక్ తెగలో మగవాళ్లు గుర్రాల మందలతో ముందే వెళ్లిపోతారు. మిగిలినదంతా బండ్లకెక్కించి వెనకాల రావడం ఆడవాళ్ల వంతు. దాని మీద ఆమెకు కోపం లేదు. కోపమల్లా అత్త ఎర్కే మీద.

ఆ ఉదయం బిడారు చలికాలపు మేతనేలకు కదిలింది. నది అంచుల్లో అప్పుడే పలచగా మంచు కట్టింది. ఇవాళ దాటకపోతే ఇక బండి నీళ్లలోనూ నడవదు, మంచు మీదా నడవదు. ఈ ఒడ్డున గడ్డి అయిపోయింది. అందరి బండ్లూ రేవుకు వెళ్లిపోయాయి. కుమూష్ బండి మాత్రం సమాధుల దిబ్బ కిందే ఆగి ఉంది.

దిబ్బ మీద చనిపోయిన మామగారి రాతి బొమ్మ, రెండు చేతులా గిన్నె పట్టుకుని. ఎర్కే దాని మూతికి కొవ్వు రాసింది, గిన్నెలో పులిసిన గుర్రపు పాలు పోసింది. అయినా దిగి రావడం లేదు.

"అయిందిగా అత్తా, రా!"

"ఏం అయింది? మీ మామ ఎటు చూస్తున్నాడో చూడు. అందరి మొగుళ్లూ పొద్దుపొడుపు చూస్తుంటే, నా మొగుడు బురదగుంటలో దోమల్ని చూడాలా?"

నిజమే. వేసవంతా ఎద్దులు ఆ రాతికి ఒళ్లు రుద్దుకున్నాయి. బొమ్మ మెల్లమెల్లగా పక్కకు తిరిగిపోయింది.

"వసంతంలో వచ్చి తిప్పుదాం."

"చలికాలమంతా ఇలాగేనా? నేను రాను. నువ్వు పో."

"నిన్నొదిలేసి పోతే నీ కొడుకు ఊరుకుంటాడా?"

"వాడికి గుర్రాలుంటే చాలు. తల్లి గుర్తొచ్చేసరికి ఎండాకాలం వస్తుంది."

కుమూష్ పళ్లు నూరుకుంటూ ఎద్దుల్ని బండి నుంచి విప్పింది. వెంట్రుకల తాడు బొమ్మకు చుట్టి లాగించింది.

"ఇంకొంచెం... ఇంకొంచెం... అయ్యో, ఎక్కువైపోయింది. వెనక్కి!"

ఎద్దులు వెనక్కి లాగవు. వాటిని మొత్తం చుట్టు తిప్పి తెచ్చి లాగిస్తే గానీ బొమ్మ తూర్పుకు తిరగలేదు.

"బతికుండగా ఆయన నీ మాట ఇంత విన్నాడా అత్తా?"

"వినలేదనేగా ఇప్పుడు వినిపిస్తున్నా! ముక్కు కాస్త వంకరగా లేదూ?"

కుమూష్ తాడు విప్పి చుట్టింది. ఎద్దుల్ని బండికి కట్టింది. దిబ్బెక్కి అత్తను గొర్రెపిల్లలా ఎత్తి భుజాన వేసుకుంది.

"ఒసేయ్, దింపవే! అందరూ చూస్తారు!"

"ఎవరున్నారు చూడ్డానికి? అందరూ దాటేశారు."

ఆ మాటకు ఎర్కే ఖాళీ మైదానాన్ని ఒకసారి చూసి కోడలి భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

రేవులో చక్రాల కింద మంచు పటపటా పగిలింది. నది మధ్యలో ఎద్దులు మొరాయించాయి. కుమూష్ అరిచింది, కొట్టింది. అవి కదల్లేదు.

"తోక మెలిపెట్టవే, చూస్తావేం!" అంది వెనక నుంచి ఎర్కే.

కుమూష్ తిట్టుకుంటూ తొడల లోతు నీళ్లలోకి దిగింది. తోక పట్టి మెలిపెట్టింది. బండి ఒక్క ఊపున కదిలి ఒడ్డెక్కింది.

ఆమె పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఎర్కే తన మీది గొర్రెతోలు తీసి విసిరింది.

"కప్పుకో. నువ్వు చస్తే నన్ను బండెవరెక్కిస్తారు?"