ఎర్ర సున్నాలు

నీళ్లు తోడేసిన ఈతకొలనులోకి తాపీ మేస్త్రి చెప్పులు విప్పి మరీ దిగుతాడు, ఎవరింట్లోనో అడుగు పెడుతున్నట్టు. పాతికేళ్ల నాటి ప్లాస్టరు పైకి బాగానే కనిపిస్తుంది. అతను మాత్రం మోకాళ్ల మీద కూర్చుని, తాపీ పిడితో జానెడు దూరానికోసారి తట్టుకుంటూ పోతాడు. టక్కుమంటే గట్టిగా ఉన్నట్టు. డొల్లగా మోగితే లోపల ఊడిపోయినట్టు. అక్కడ సుద్దముక్కతో సున్నా చుడతాడు. సున్నాలన్నీ చెక్కేశాకే కొత్త పూత. ఒక్క చోటు వదిలేసినా నీళ్లు నింపిన నెలకే పెచ్చులూడతాయి, దాంతోపాటు మేస్త్రి పేరూ పోతుంది. తట్టేటప్పుడు ఎవరైనా మాట్లాడితే అతనికి ఒళ్లు మంట. "కాసేపు నోరు మూసుకోండి!" అని అరుస్తాడు. పక్కన సిమెంటు కలిపే భార్య అప్పుడు పార కూడా కదపదు.

రెండేళ్లుగా అతనికి కుడిచెవి సరిగ్గా వినిపించడం లేదు. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. అరవడం మాత్రం పెంచాడు. ఇవాళ టీ తాగి తిరిగొచ్చేసరికి కొలను లోతు వైపు మూడు సున్నాలు ఎక్కువున్నాయి. ఎర్రగా, ఇటుకముక్కతో గీసినవి. ఎడమచెవి ఆనించి తట్టి చూశాడు. మూడూ డొల్లే.

"ఎవరు గీశారివి?"

"నేనే," అంది భార్య, ఇసుక జల్లిస్తూనే.

"ఎప్పట్నుంచి?"

"పోయినేడాది నుంచి. రోజూ సుద్దతోనే గీసేదాన్ని. ఇవాళ ముక్క నీ జేబులో ఉండిపోయింది."

మేస్త్రి కోపం కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు. బిగిసి ఉన్న భుజాలు మెల్లగా దిగాయి. సుద్దముక్క తీసి, రెండుగా విరిచి, పెద్దముక్క ఆమెకిచ్చాడు.

"నా కుడివైపు కూర్చో," అన్నాడు.