కుట్టని చేతులు

సీట్ల బాబాయ్ అంటే బస్సు డిపోలో తెలియనివాళ్లు లేరు. సర్కారు బస్సుల్లో చిరిగిన సీట్లకు కొత్త రెక్సిన్ కుట్టడం ఆయన పని. చెయ్యి తిరిగిన మనిషి. ఆయన కుట్టు గీత గీసినట్టు ఉంటుందని డ్రైవర్లు చెప్పుకునేవారు. ఒకరోజు పైనుంచి ఉత్తర్వు దిగింది. సీట్ల పని బయటి కంపెనీకి ఇచ్చేశారట, ఆ సెక్షన్ వాళ్లు ఇక రానక్కర్లేదట. చేతిలో టీ చల్లారేలోపు ఉద్యోగం పోయింది.

అందరూ కలిసి కోర్టుకెక్కారు. వాళ్ల లాయరమ్మ మంచి మనిషే. మొదటి రోజే జాగ్రత్త చెప్పింది.

"తీర్పొచ్చేదాకా బయటెక్కడా పని చెయ్యకండి బాబాయ్ గారూ. మీకు వేరే బతుకుతెరువుందని అవతలి లాయరు చూపించాడంటే కేసు నీరుగారిపోతుంది."

ఈయనా, ముక్కుసూటి మనిషి! ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాడు. ఎవరైనా చూసి అనుమానపడతారని ఇంట్లో కుట్టుమిషన్ అమ్మేశాడు. పక్కింటాయన తన స్కూటర్ సీటుకి ఊరికే రెండు కుట్లు వేసిపెట్టమని బతిమాలితే దండం పెట్టి తలుపేసుకున్నాడు. ఆయన భార్య, పిన్ని, ఒక బట్టల షాపులో రోజంతా నిలబడి ఇల్లు నడిపింది. వాచిన కాళ్లతో ఆమె ఇంటికొస్తే వేడినీళ్లు పెట్టివ్వడం తప్ప ఆయన చేయగలిగింది లేదు. పెళ్లాం సంపాదన మీద కూర్చుని తింటున్నాడని చుట్టాలు ఆడిపోసుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాడు గానీ పని మాత్రం ముట్టుకోలేదు.

కేసు వేసినవాళ్లలో ఒక మీసాలాయన ఉన్నాడు. కార్ల సీట్లు కుట్టే షాపులో, వెనక గదిలో కూర్చుని గుట్టుగా పని చేసుకునేవాడు. బోనెక్కినప్పుడు మాత్రం "గోళ్లు గిల్లుకుంటున్నానండీ" అని దర్జాగా చెప్పాడు. బాబాయ్ చెప్పిందీ అదే. కాకపోతే ఈయనది నిజం.

వాయిదాల మీద వాయిదాలు నడిచాయి. బాబాయ్ జుట్టు నెరిసింది. చివరికి గెలిచారు. గెలిచారంటే, అందులోనూ ఒక మెలిక. ఇన్నేళ్లు పనికి దూరమయ్యారు కాబట్టి, కుట్టు పరీక్షలో నెగ్గినవాళ్లనే తిరిగి తీసుకోవాలట. పని ముట్టుకుంటే కేసు పోతుంది, ముట్టుకోకపోతే చెయ్యి పోతుంది. ఎంత చక్కని న్యాయమో!

పరీక్షరోజు బాబాయ్ మిషన్ ముందు కూర్చున్నాడు. సూదిలో దారం ఎక్కించడానికే ఆపసోపాలు పడ్డాడు. రెక్సిన్ జారింది, కుట్టు పక్కకి పోయింది. విప్పి మళ్లీ కుట్టాడు. గుడ్డ మీదైతే కనపడదు గానీ, రెక్సిన్ మీద పాత చిల్లులు అలాగే ఉండిపోతాయి. పక్కనే మీసాలాయన కబుర్లు చెబుతూ తన సీటు ముగించాడు. బాబాయ్ వాలకం చూసి దాన్ని మెల్లగా ఇటు జరిపాడు.

"ఇది నీదని ఇచ్చెయ్ అన్నా. నేను ఇంకోటి కుట్టుకుంటా."

బాబాయ్ దాన్ని వెనక్కి తోశాడు. "రేపట్నుంచి రోజూ ఎవరిది చూపించమంటావురా?" అన్నాడు. ఏడుపొచ్చింది ఆయనకి.

ఇంటికొచ్చి, పరీక్ష తప్పానని పిన్నికి చెప్పాడు. ఆమె తిట్టలేదు. కాళ్లు చాపుకుని గోడకానుకుని కూర్చుంది.

"పోనీలెండి. ఇక కేసు అడ్డం లేదుగా. ఎక్కడో ఒకచోట పని అడగండి."

"అడుగుతాను" అన్నాడు బాబాయ్. తర్వాత ఆమెకేసి చూశాడు. "అడిగితే, నాకేం పని వచ్చని చెప్పనే?"