ఆముదం చేతులు, గ్రీన్ బెల్టు

నా చిన్నప్పుడు పలాసలో మా వీధి ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గరే జీడిపిక్కలు కొట్టేవారు. కాల్చిన పిక్కను రాతి మీద పెట్టి, చిన్న కొయ్యసుత్తితో పగలగొట్టి, పప్పు విరగకుండా తీయాలి. పెంకులో ఉండే జీడి రసం చేతికి తగిలితే చర్మం నల్లబడి పొరలుగా ఊడిపోతుంది. అందుకని ముందు అరచేతులకు ఆముదం పట్టించి, పైన బూడిద అద్దుకునేవాళ్ళం. బడి నుంచి రాగానే నాకూ అదే పని. అది ముగించి, ఐదింటికి, పిక్కలు ఎండబోసే సిమెంటు కళ్లానికి పరుగెత్తేదాన్ని. అక్కడ మాకు తైక్వాండో నేర్పేవారు.

మా మాస్టారు సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. పక్క స్టేషను సుమ్మాదేవి నుంచి పాసింజరు రైల్లో వచ్చేవారు. మొదట తెల్ల బెల్టు, తర్వాత ఎల్లో, ఆ తర్వాత గ్రీన్. ఆయన పద్ధతిలో గ్రీన్ బెల్టు కావాలంటే కర్ర తిప్పడం రావాలి. మనిషెత్తు సరుగుడు కర్ర. ఆయన హనా, తుల్, సెత్ అంటూ కొరియా భాషలో ఇరవై దాకా లెక్కపెడతారు. ఒక్కో అంకెకు ఒక్కో కదలిక. మధ్యలో కర్ర చేజారితే తప్పినట్టే. గ్రీన్ వచ్చినవాళ్ళు మాత్రమే తర్వాతి ఆయుధాన్ని, అంటే గొలుసుతో కలిపిన జంటకర్రల్ని ముట్టుకోవచ్చు. నా ధ్యాసంతా వాటి మీదే ఉండేది.

మాస్టారికి ఒక నియమం ఉండేది. ఓడినవాళ్ళు కారణం చెప్పకూడదు. ఎవరైనా నోరు తెరవబోతే, "కారణాలు ఇంటికాడ సెప్పుకో. దండమెట్టి ఎనక్కి ఎల్లు" అనేవారు.

మొదటి పరీక్షలో ఎనిమిదో అంకె దగ్గర కర్ర జారింది. రెండోసారి ఐదో అంకె దగ్గరే జారి నా నుదుటికే తగిలింది. చేతులు సబ్బు పెట్టి కడిగాను, ఇసకతో రుద్దాను, చింతపండు పులుసుతో తోమాను. ఆముదం జిడ్డు పూర్తిగా పోదు. పోనీ ఆముదం రాసుకోకుండా పిక్కలు కొడదామని ఒక వారం చూశాను. చర్మం లేచిపోయి కర్ర పట్టుకోవడమే కష్టమైంది. ఎటు చూసినా దారి లేదు. పైగా నా ఎల్లో బెల్టు నిండా నల్లటి జీడి మరకలు. పక్కవీధి అబ్బాయి ఒకడు, అప్పటికే గ్రీన్ బెల్టు కట్టుకున్నవాడు, రోజూ ఒకటే మాట. "ఓలె, నీకు అప్పుడే బ్లాకు బెల్టు వచ్చీసినట్టుందే." అందరూ నవ్వేవారు. నాకు ఏడుపు రాలేదు. పళ్ళు కొరుక్కునే కోపం వచ్చేది. ఆ కోపంతో కర్రను ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని. అది ఇంకా జారేది.

మా అమ్మ అప్పటికే చెప్పేసింది. "రెండుసార్లయింది. మూడోసారీ తప్పినావంటే మానీ. ఆ ఏళకి నాతో కూకుని పిక్కలైనా కొడుదువు." అమ్మది కోపం కాదు, అలసట. అందుకే ఆ మాట మారదని నాకు తెలుసు.

మూడోసారి తొమ్మిదో అంకె దగ్గర కర్ర నా చేతిలోంచి జారి, దొర్లుకుంటూ మాస్టారి కాళ్ళ దగ్గరికి వెళ్ళింది. దండం పెట్టి వెనక్కి తిరిగాను. ఆయన కర్ర తీసి, పట్టిన చోట వేళ్ళతో రాసి, వాసన చూశారు.

"ఇదేటిది, ఆముదమా?"

నేను మాట్లాడలేదు. ఆయన నియమమే కదా.

"నానడుగుతున్నాను కదా. సెప్పు."

చెప్పాను. ఆయన నన్ను ఇంటికి వెళ్ళి ఆముదం సీసా, గుప్పెడు బూడిద పట్టుకురమ్మన్నారు. బెల్టు ఇచ్చేస్తారనే ఆశతో పరుగెత్తాను.

ఆయన తన అరచేతులకు ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని, మళ్ళీ కడుక్కుని, కర్ర అందుకున్నారు. లెక్క నన్నే పెట్టమన్నారు. పదకొండు అన్నప్పుడు కర్ర ఆయన చేతిలోంచి జారి గోడకు తగిలింది. ఎవరూ నవ్వలేదు. ఆయన మాకు దండం పెట్టి, "నానూ తప్పినాను" అన్నారు. మర్నాటి ఆదివారం పొద్దున్న, పిక్కలు ముట్టుకోకముందే రమ్మని నాకు చెప్పారు. మా ఇంటికి వచ్చి, పరీక్ష ఇంకా అవలేదని అమ్మతోనూ చెప్పి వెళ్ళారు. బెల్టు మాత్రం ఇవ్వలేదు.

ఆదివారం మొదటి పాసింజరులో దిగారు. కళ్లంలో మేమిద్దరమే. నేను ఆ పొద్దున్న సుత్తి ముట్టుకోలేదు. చేతులు పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. కర్ర ఎంత తేలిగ్గా తిరిగిందంటే, ఇన్నాళ్ళూ తప్పంతా ఆముదానిదేనని నమ్మకం కుదిరిపోయింది. పద్నాలుగో అంకెకు కర్రను వీపు వెనక నుంచి మరో చేతికి మార్చాలి. మార్చలేకపోయాను. కర్ర కిందపడింది.

ఆ కదలిక నాకు ఎప్పుడూ సరిగ్గా రాలేదు. అంతవరకూ వెళ్ళకముందే ప్రతిసారీ కర్ర జారిపోతుండడంతో ఆ సంగతి నాకే తెలియలేదు. అమ్మ మాట గుర్తొచ్చింది. నోట్లోంచి అబద్ధం వచ్చేసింది.

"పొద్దున్నే పిక్కలు కొట్టీసి వచ్చినాను మాస్టారూ."

ఆయన దగ్గరికి వచ్చి నా కుడిచేయి పట్టుకుని, అరచేయి పైకి తిప్పారు. పొడి చెయ్యి. సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు. బొటనవేలితో ఒకసారి రాసి వదిలేశారు.

"సరే. మళ్ళీ ఆదివారం రా. పద్నాలుగు దగ్గర మోచెయ్యి దించు" అన్నారు.

అంతే. మోచెయ్యి దించడం గురించి చెప్పారు కాబట్టి కర్ర ఎందుకు పడిందో ఆయనకు తెలుసు. అయినా ఒక్క మాట అనలేదు. ఆ వారమంతా పెరట్లో చీపురు కర్రతో ఆ ఒక్క కదలికే చేశాను. తర్వాతి ఆదివారం ఇరవై దాకా వెళ్ళాను. ఆయన సంచిలోంచి గ్రీన్ బెల్టు తీసి కట్టారు. నేను ఎదురుచూసిన సంతోషం రాలేదు. ఆయన మొహం చూడలేకపోయాను.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. కోటబొమ్మాళి దగ్గర బడిలో పాఠాలు చెబుతున్నాను. మాస్టారిని ఎన్నోసార్లు కలిశాను, నిజం చెబుదామనే ప్రతిసారీ అనుకున్నాను. ఆయన జంటకర్రల గురించో, పాసింజరు ఆలస్యం గురించో మాట్లాడేవారు. నేను వినేదాన్ని. పోయిన వానాకాలం ఆయన పోయారు. సుమ్మాదేవి వెళ్ళినప్పుడు ఆయన కర్ర గోడవార నిలబెట్టి ఉంది. దాన్ని చూసి నాకు దుఃఖం కంటే ముందు విసుగు వచ్చింది. ఆయన ఒక్కసారి గట్టిగా అడిగి ఉంటే ఏం పోయేది?

నా దగ్గర ఎవరైనా పిల్ల అబద్ధం చెబితే నలుగురిలో పట్టుకోను. అది ఆయన దగ్గర నేర్చుకున్నదే. కానీ మర్నాడు పక్కకు పిలిచి అడుగుతాను. అది ఆయన చెయ్యనిది. ఆ పిల్ల నిజం చెప్పేసి ఆడుకోవడానికి వెళ్ళిపోతుంది. నేను అలా వెళ్ళలేకపోయాను. పిక్కలు కొట్టలేదు మాస్టారూ, అన్న ఆ మూడు మాటలూ ఇంకా నా దగ్గరే ఉన్నాయి.