ఉత్తమ రైతుకు వచ్చిన కోపం

ఒక పెద్దమనిషికి శాలువా కప్పి, దండ వేసి, హాలంతా చప్పట్లు కొట్టించి కూడా ఆయన చేత తిట్లు తినవచ్చని మీకు తెలుసా? నాకు తెలుసు. వనపర్తిలో ఒక ఫంక్షన్ హాలు నిండా జనం చూస్తుండగా తెలుసుకున్నాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సగం మంట కంప్యూటరు మీద, సగం నా మీద. మీరు నవ్వుకుంటే నాకేం అభ్యంతరం లేదు. బాలకిష్టయ్యకు మాత్రం వినబడకుండా నవ్వండి.

అప్పట్లో నేను పల్లి, అంటే వేరుశనగ, రైతుల సంఘంలో లెక్కలు చూసేవాడిని. మాది మానవపాడు. హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చానన్న పొగరు నడకలో కూడా కనబడేది. యాసంగి పంట ఇళ్ళకు చేరాక సంఘం వాళ్ళు ఊరూరా తిరిగి, ఎవరికి ఎకరాకు ఎన్ని బస్తాలు వచ్చాయో రాసుకొచ్చారు. అందరికంటే ఎక్కువ తీసిన రైతుకు సభలో సన్మానం, బహుమతిగా మందు కొట్టే బ్యాటరీ పంపు.

మా మేనేజర్ రమాదేవి మేడం ముందే చెప్పింది. "పేరు తీసి కాగితం మీద రాసుకొని రా. స్టేజీ మీద ప్రయోగాలు వద్దు."

"ఈ రోజుల్ల కాగితమా మేడం? అందరి ముంగటనే తేలుస్త, చూడుండ్రి."

నా ధైర్యమంతా ఒక నోట్‌బుక్. కాగితాలది కాదు, కంప్యూటర్‌లో ప్రోగ్రాము రాసుకునే పేజీ. పైన మనం రాసింది, దాని కిందే ఫలితం. మామూలుగా ఆ ఫలితం గోడకు కొట్టిన ఫోటోలా కదలకుండా ఉంటుంది. నేను ఆ పేజీలో ఒక విడ్జెట్ అతికించాను. దాంతో రైతుల పేర్ల పట్టికకు ప్రాణం వచ్చింది. ఊరి పేరు కొడితే ఆ ఊరివాళ్ళే మిగులుతారు, మీట నొక్కితే వరుసలు పైకీ కిందికీ సర్దుకుంటాయి. అది పనిచేసిన సాయంత్రం నేను ఆఫీసులో విమానం కనిపెట్టినవాడిలా తిరిగాను.

ఒకరి దిగుబడి ఇంకొకరికి కనబడితే కొట్లాట అవుతుందని మేడం అంటే, బస్తాల అంకెలను తెర మీద కనబడకుండా దాచేశాను. తప్పు బయటపడే ఒక్క కిటికీనీ నా చేత్తో నేనే మూసుకున్నాను. చూశారా తెలివి!

సభ రోజు తెర ముందు నిలబడి, "ఇగ చూడుండ్రి!" అని "ఎక్కువ దిగుబడి ముందు" అనే మీట నొక్కాను. పేర్లు గిరగిరా తిరిగి ఆగాయి. అన్నిటికంటే పైన, బాలకిష్టయ్య, పెద్దమందడి.

ఆయన చివరి వరుసలో కూర్చొని ఉన్నాడు. కుర్రాళ్ళు ఎత్తుకొచ్చినంత పని చేశారు. "దేనికిరా?" అని ఆయన అడుగుతూనే ఉన్నాడు, చప్పట్లలో ఎవరికీ వినబడలేదు. శాలువా పడింది, దండ పడింది. రెండు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చాను.

"ఏంది సారూ, ఎక్కిరిస్తున్నరా?" అన్నాడు మైకులో. "బోరు ఎండి నా చేను మాడిపాయె. నాకు శాలువనా?"

"లేదు కాకా, కంప్యూటర్ల నీదే ఫస్టు పేరు."

"నీ కంప్యూటరొచ్చి నా చేను చూసిందా?"

ఇంతలో ముందు వరుసలోంచి అమరచింత ఖాజాబీ లేచింది. "నేను ఎకరాకు ముప్పై ఒక్క బస్తా తీసిన. నా పేరు యాడున్నది, జర చూడు బేటా."

పట్టికను కిందికి జరిపాను. లేదు. ఇంకా జరిపాను.

"ఇంకెంత కిందికి పోతవ్? పాతాళంల పెట్టినవా నన్ను?"

నా చొక్కా బావిలో ముంచి తీసినట్టయింది. అప్పుడే ఒక విలేకరి ఫోటో తీశాడు. బాలకిష్టయ్య శాలువా లాగి పారేశాడు. "ఓ ఫోటోలాయనా, ఆపు! నేను సర్కారు పరిహారానికి పంట నష్టం రాపిచ్చుకున్న. పేపర్ల ఉత్తమ రైతు అని వస్తె నా పేరు కొట్టేయరా? ఓ పిలగా, నా కొంపకు అగ్గి పెడుతున్నవ్ నువ్వు!"

సారునల్లా పిలగాడినయ్యాను.

"ఆ అంకెలు తెరువు," అంది మేడం, పళ్ళు కొరుకుతూ. తెరిచాను. బాలకిష్టయ్య తొమ్మిది. తర్వాత ఎనిమిది, ఏడు. జిల్లాలో పంట పోగొట్టుకున్నవాళ్ళందరినీ ఏరి నెత్తిన పెట్టాను!

సంగతేమిటంటే, ఒకచోట ఎవరో అంకె పక్కన "బస్తాలు" అని అక్షరాల్లో రాశారు. దాంతో కంప్యూటరు ఆ నిలువు వరుసలోని అంకెలన్నిటినీ మాటలనుకుంది. నిఘంటువులోలా మొదటి అంకెను బట్టి పేర్చింది. మూడుతో మొదలయ్యే ముప్పై ఒకటి కంటే తొమ్మిది పెద్దదైంది. చూసుకోవాల్సిన వెధవను నేను.

అక్కడికక్కడే సరిచేశాను. పంపు ఖాజాబీకి అందింది. ఆమె దాన్ని పట్టుకొని నావైపు చూసిన చూపు అందులో పోసే మందు కంటే ఘాటుగా ఉంది.

మర్నాడు పేపర్లో శాలువాతో ఉన్న ఆ ఫోటోనే వచ్చింది. కింద "ఉత్తమ రైతు" అని. బాలకిష్టయ్య పేపరు చేతబట్టుకొని ఆఫీసుకొచ్చాడు. "బండి తియ్. ఆఫీసరు సారుకు నువ్వే చెప్పాలె."

వ్యవసాయాధికారి ముందు నిలబడి, చేసిన పాపం కడుక్కోవాలని ఊగిపోయాను. "సార్, ఈయన ఉత్తమ రైతు కానే కాడు. బోర్ల నీళ్ళెన్నున్నయో చూసుకోకుండ విత్తనమేసిండు. మందు సుత ఆలస్యంగ కొట్టిండు. వాళ్ళూర్ల ఇంత తక్కువ తీసినోడు ఇంకొకడు లేడు సార్!"

అధికారి నవ్వాపుకుంటూ అన్నాడు. "ఆయన చేను నేనే చూసిన. పేరు ఎక్కడికీ పోదు, మీరు పోండి."

బతికిపోయాననుకుంటూ బయటికొచ్చాను. బాలకిష్టయ్య ముఖం నిన్నటికంటే ఎర్రగా ఉంది.

"ఇంకేమైంది కాకా? పనైపాయె గద!"

"చేను ఎండిందని చెప్పుమన్న. నాకు సేద్యం రాదని చెప్పుమన్ననా? నిన్న శాలువ కప్పి ఇజ్జత్ తీసినవ్, ఇయ్యాల శాలువ లేకుంటనే తీసినవ్!"

బండి ఎక్కకుండా బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

కనుక పాఠక మహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నువ్వు అంకెవేనా అని అడగనిదే ఏ అంకెనూ వరుసలో నిలబెట్టను. సభలో మీట నొక్కను. ఇక ఎవరి తరఫున మాట్లాడాల్సి వచ్చినా, వాళ్ళు చెప్పమన్న ముక్క చెప్పి, నోటికి తాళం వేసుకొని, తాళంచెవి మేడం చేతికిస్తాను.