దిక్కులు చూసే పిల్ల

పాతికేళ్లుగా పటమటలోని బళ్లో లెక్కలు చెబుతున్నాను. పిల్లల కళ్లు చూసి బుర్రలో ఏముందో చెప్పేయగలనని నాకో గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఎనిమిదో తరగతిలో ఒకమ్మాయికి దిక్కులు చూసే పిల్ల అని ముద్ర వేసేశాను. ప్రశ్న అడగ్గానే ఆ పిల్ల చూపు బోర్డు వదిలేసి సీలింగు మూలకు పోయేది. నాకా, కోపం ముక్కు మీదే ఉంటుంది. "అక్కడేం రాసుందమ్మా? దిక్కులు చూడకు" అని గదమాయించేదాన్ని. ఆ శనివారం లోగా ఆమెను చదువులో వెనకబడినవాళ్ల సెక్షన్‌కు మార్చాలని రాసిన కాగితం మీద సంతకం పెట్టాల్సింది కూడా నేనే.

ఆ వారంలోనే ఒక పరిశోధకురాలు మూడు రోజుల పని మీద మా బడికి వచ్చింది. లెక్క చేసేటప్పుడు పిల్లలు ఎటు చూస్తారో, అప్పుడు వాళ్ల కంటిపాప ఎంత పెద్దదవుతుందో కొలుస్తుందట. సరంజామా అంతా ఒక ల్యాప్‌టాప్, దాని తెర కింద సన్నటి నల్ల పట్టీలాంటి కెమెరా, చూసేవాళ్లకు ఇంకో తెర. ఇంతోటి దానికి మూడు రోజులా అనుకున్నాను. తీరా చూస్తే ఆమె ఓపికకు దండం పెట్టాలనిపించింది. ఇళ్ల నుంచి సంతకాలు తెచ్చిన పిల్లల్నే కూర్చోబెట్టింది. కిటికీలకు నల్ల కాగితం అంటించింది. వెలుతురు మారినా కంటిపాప సైజు మారుతుందట, అది ఆలోచన వల్లో ఎండ వల్లో తేలాలిగా మరి. కాటుక పెట్టుకుంటే కెమెరా ఆ నలుపునే కంటిపాప అనుకుని పొరబడుతుందని, ఒక్కొక్కరికీ తనే దూదితో మెత్తగా తుడిచింది. కెమెరా సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి ముందుగా కూర్చున్న నా కాటుకా తుడిచింది. ఊహ తెలిశాక కాటుక లేని మొహంతో నలుగురిలో తిరగడం నాకదే మొదలు.

ఆ పిల్ల వంతు వచ్చింది. ల్యాప్‌టాప్ లెక్క వినిపిస్తుంది, జవాబు నోటితో చెప్పాలి. నేను వెనక కూర్చుని రెండో తెర చూస్తున్నాను. పిల్ల చూపు ఎక్కడుంటే అక్కడ ఒక చుక్క కనిపిస్తుంది. పదిహేడు ఇంటూ ఎనిమిది అని వినగానే ఆ చుక్క జరిగి జరిగి తెర మీద ఒక ఖాళీ మూలకు పోయి ఆగింది.

"చూశారా, ఇదే వరస" అన్నాను గుసగుసగా.

పరిశోధకురాలు తెర కింది భాగంలో ఉన్న గీత చూపించింది. కంటిపాప కొలత అది. చూపు మూలకు పోయాక కూడా ఆ గీత పైకి ఎక్కుతూనే ఉంది.

"చూపు ఎక్కడుందో చుక్క చెబుతుందండీ. లోపల ఎంత శ్రమపడుతోందో ఈ గీత కొంత చెబుతుంది. ఏమీ లేని చోటు వెతుక్కుని ఆలోచిస్తున్నట్టుందండీ."

"నూట ముప్పై ఆరు" అంది పిల్ల. గీత మెల్లగా దిగింది. నాకు సిగ్గేసింది. క్లాసులో నేనెప్పుడూ అంతసేపు ఆగలేదు.

ఆ గీత ప్రింటు తీసివ్వండి, సెక్షన్ మార్చక్కర్లేదని ప్రిన్సిపాల్ గారికి చూపిస్తానని అడిగాను. ఇవ్వనంది.

"ఒక్క పిల్ల సంగతి తేల్చడానికి ఇది చాలదండీ. భయపడినా కంటిపాప పెద్దదవుతుంది. చాలామందివి కలిపి చూస్తేనే మేం ఏదైనా చెప్పగలం. మీ స్టూడెంట్‌ని మీరే చూసుకోవాలి మేడమ్."

అంత కష్టపడి కొలిచిన మనిషి, ఆ కొలత చెప్పలేనిదాన్ని దాని చేత చెప్పించడానికి ఒప్పుకోలేదు. నాకు ఒళ్లు మండింది, ఆమె మీద గౌరవమూ పెరిగింది.

శుక్రవారం ఆ పిల్లను స్టాఫ్‌రూముకు పిలిచి పది లెక్కలు నోటితోనే అడిగాను. మూలకు చూసింది, చూడనిచ్చాను. నోరు మూసుకుని కూర్చోవడం నాకెంత కష్టమో మా ఇంట్లోవాళ్లకు తెలుసు. ఎనిమిది సరిగ్గా చెప్పింది. సంతకం పెట్టాల్సిన కాగితం చింపేశాను.

"ఇన్నాళ్లూ క్లాసులో ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"సగం దాకా చేసేసేదాన్ని మేడమ్. అప్పుడు మీరు తిట్టేవారు. మళ్లీ మొదట్నుంచి చేసుకునేదాన్ని. జవాబు వచ్చేసరికి మీరు పక్కమ్మాయిని అడిగేసేవారు."