కొట్టింది పారతో, పోయింది తుపాకీ

మా నాన్న కోపిష్టి. ఆ కోపం నాకూ వచ్చింది, కాబట్టి ఇదంతా నిదానంగా చెప్పడం నా వల్ల కాదు.

మిలటరీ నుంచి వచ్చాక ఆయన రేపల్లెలో ఒక బ్యాంకులో గన్‌మన్‌గా చేరాడు. ఆ ఉద్యోగానికి తుపాకీ బ్యాంకు ఇవ్వలేదు. సొంతది ఉండాలి, లైసెన్సు తన పేరు మీదే ఉండాలి. నగరం మండలంలోని మా ఊరి నుంచి రోజూ పొద్దున్నే రెండు గొట్టాల తుపాకీ భుజాన వేసుకుని బస్సెక్కేవాడు. శనివారం సాయంత్రం అరుగు మీద కూర్చుని దానికి నూనె గుడ్డ పట్టేవాడు. అమ్మ మీదా నా మీదా కూడా అంత శ్రద్ధ చూపించి ఉండడు.

నారుమళ్లు ఎండిపోతున్న ఏడు, మా నీళ్ల వంతులో పక్క పొలం ఆయన మా బోదె కాలవకు గండి కొట్టాడు. నాన్న పార తిరగేసి కర్రతో ఒక్కటిచ్చాడు. ఆయన తలకు కుట్లు పడ్డాయి. ఆసుపత్రి నుంచి స్టేషన్‌కి కబురు వెళ్లి కేసయింది. తుపాకీ ఆ వేళ ఇంట్లో బీరువాలో ఉంది.

మా లూథరన్ గుళ్లో ఒక పద్ధతి ఉంది. తగాదాలో ఉన్నవాళ్లు ప్రభు భోజనం, అంటే బల్ల దగ్గర ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం, తీసుకోరు. సంఘం ఎదుట తప్పు ఒప్పుకుని చేతులు కలిపాకే బల్ల దగ్గరికి వెళ్లాలి. ఒక ఆదివారం నాన్న లేచి, కొట్టాను, తప్పు నాదేనన్నాడు. గండి కొట్టడం నా తప్పని పక్క పొలం ఆయనా అన్నాడు. ఇద్దరూ పక్కపక్కనే మోకాళ్లూని తీసుకున్నారు. అమ్మ కళ్లు తుడుచుకుంది. పీడ వదిలిందనుకున్నాం.

కోర్టుకు గుడితో పనేముంది? ఆ సెక్షన్‌కి రాజీ చెల్లదని తెనాలి ప్లీడరు చెప్పాడు. అయినా భయం లేదన్నాడు. తూము దగ్గర కాలు జారి పడ్డానని పక్క పొలం ఆయన చెప్తాడు, నేను కొట్టలేదని నాన్న అంటాడు, కేసు కొట్టేస్తారు. దెబ్బ తిన్నాయన సరేనన్నాడు. కొట్టినాయనే ఒప్పుకోలేదు.

"గుళ్లో కొట్టానని చెప్పి బల్ల తీసుకున్నానండి. ఇక్కడ కొట్టలేదని ఎట్టా చెప్పమంటారు?" అన్నాడు.

ప్లీడరు తల పట్టుకున్నాడు. చివరికి, సరే ఒప్పుకోండి, మొదటి తప్పు, మిలటరీ మనిషి, జైలు ఉండదు, ప్రొబేషన్ ఇస్తారన్నాడు. ఏడాదిపాటు మంచి నడవడికతో ఉంటానని బాండు రాసిస్తే చాలు, దానివల్ల చట్టప్రకారం ఏ అనర్హతా రాదు. ప్లీడరు అబద్ధం చెప్పలేదు. చట్టంలో అలాగే ఉంది. నాన్న ఒప్పుకున్నాడు, జడ్జిగారు కూడా దయగానే మాట్లాడి ప్రొబేషనే ఇచ్చారు. తుపాకీ సంగతి ప్లీడరుకు తట్టలేదు, నాన్నకు తట్టలేదు, వేమూరులో పిల్లలకు పాఠాలు చెప్పే నాకూ తట్టలేదు.

లైసెన్సు రెన్యువల్ దగ్గర పోలీసు రిపోర్టు అడ్డొచ్చింది. బాపట్ల కలెక్టరాఫీసు నుంచి పిలుపొస్తే నేనూ వెంట వెళ్లాను. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడల్ పెట్టుకోవాలా వద్దా అని బస్సులో రెండుసార్లు అడిగాడు. వద్దన్నాను. అక్కడి అధికారి కుర్చీ వేయించి మరీ మాట్లాడాడు. జైలు శిక్ష పడి ఉంటే, విడుదలయ్యాక కూడా అయిదేళ్లు ఆయుధం ముట్టకూడదట. నాన్నకు ఆ బాధ లేదట. కానీ తుపాకీ లైసెన్సు హక్కు కాదు, కోపమొస్తే చెయ్యి లేపే మనిషి చేతిలో దాన్ని పెట్టలేమన్నాడు.

"ఒప్పుకోకపోయుంటే ఏమయ్యేదండి?" అన్నాను.

అధికారి నాన్న వైపు చూశాడు. "కేసే నిలబడేది కాదు కదమ్మా. అప్పుడు ఇంత మాట అనడానికి నా దగ్గర ఏముండేది?"

నాకు ఒళ్లు మండింది. అబద్ధమాడినవాడైతే తుపాకీ పట్టుకుని తిరగొచ్చన్నమాట. నాన్న మాత్రం లేచి నమస్కారం పెట్టాడు.

తుపాకీ స్టేషన్లో అప్పగించే ముందు, ఆ రోజు శనివారం కాకపోయినా, దానికి నూనె పట్టాడు. బ్యాంకువాళ్లు నెలాఖరుకు వేరే మనిషిని పెట్టుకున్నారు. నాన్న ఇప్పుడు రేపల్లెలో ఒక రైస్ మిల్లు గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. చేతిలో కర్ర ఇచ్చారు. ఆయన మనిషిని కొట్టింది కర్రతోనే అని ఎవరికీ గుర్తు రాలేదు.

బాండు గడువులో ఆయన ఎవరి మీదా గొంతెత్తలేదు. ఎవరో బోదెకు మళ్లీ గండి కొడితే, గట్టు మీద నిలబడి చూసి ఇంటికొచ్చేశాడు. గడువు తీరాక మళ్లీ దరఖాస్తు పెట్టాడు. అదే జవాబు వచ్చింది.

అప్పటి నుంచి ప్రభు భోజనం రోజున అందరూ బల్ల దగ్గరికి వెళ్తుంటే ఆయన వెనక బెంచీ మీదే కూర్చుంటున్నాడు. మొన్న ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు వచ్చి పక్కన కూర్చుని, ఇంకా పక్క పొలం ఆయన మీద కోపం పోలేదా అని అడిగారు.

"ఆయన మీద ఏం లేదండి. కొట్టినందుకు పశ్చాత్తాపం ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు ఒప్పుకున్నందుకు పడుతున్నాను. ఈ మనసుతో ఎట్టా తీసుకోనండి?" అన్నాడు నాన్న.