ఏడుపు పాలు

మా చిన్నప్పుడు... పుదుచ్చేరి ఉప్పళంలో మా ఇంట్లో బాలింత ఉందంటే వీధి మొదట్లోనే తెలిసిపోయేది. సాంబ్రాణి పొగ, వాము, వెల్లుల్లి... ఆ వాసనలంటే నాకు భలే ఇష్టంగా ఉండేది. ఇప్పుడు ఎక్కడైనా తగిలితే లేచి వెళ్లిపోతాను. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి.

డెబ్బైల చివర్లో మా అమ్మ చెల్లెలు, సరోజ చిన్నమ్మ, తొలికాన్పుకు మా ఇంటికే వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పురిటి పెత్తనమంతా మా అవ్వది, అంటే అమ్మ వాళ్ల అమ్మది.

ఎంత సేవ చేశారనుకున్నారు... ఒంటికి నూనె పట్టించి వేడివేడి నీళ్లు పోయడం, నడుముకు గుడ్డ బిగించి కట్టడం, తలకు పొగ వేయడం. వీరాంపట్టినం నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే చేపలామె, పాలు పడడానికని సొరచేప తెచ్చేది. అవ్వ దాన్ని ఉడికించి, చిదిమి, వెల్లుల్లి దట్టించి వండేది. పాలు బాగానే పడ్డాయి. చిన్నమ్మ రవికె ఎప్పుడూ తడిగానే ఉండేది.

అంతా బాగానే ఉంది... చిన్నమ్మ ఏడ్చేది, అంతే. అన్నం ముందు పెడితే ఏడుపు. బిడ్డను ఒళ్లో వేస్తే ఏడుపు. గోడవైపు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుని...

మొగుడు మంచివాడు, ఆదివారం ఆదివారం రొట్టె, పళ్లు పట్టుకుని వచ్చేవాడు. అత్త గయ్యాళి కాదు. మరి ఏం లోటని అందరూ అడిగారు. "ఏడుపు యాడినించి వస్తాందో నాకే తెలీలేదక్కా" అంది ఒకరోజు అమ్మతో. బయటికి వినబడుతుందని అమ్మ గబుక్కున తలుపు వేసింది.

మా వాళ్లలో ఒక నమ్మకం... బాలింత ఏడిస్తే పాలు చెడిపోతాయని, ఆ పాలు తాగిన బిడ్డకు చేటని. అవ్వదీ అదే మాట, ఇరుగుపొరుగు ఆడవాళ్లదీ అదే మాట. ఏడుపు ఆపుకోవడానికి చిన్నమ్మ పెదవి కొరుక్కుని కొరుక్కుని పుండు చేసుకుంది, పాపం.

అప్పుడే బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. ఇంకేం, కారణం దొరికింది. "ఏడుపు పాలు తాపితే ఏమయితాది మరి? ఇంక ఈ బిడ్డకి నీ పాలొద్దు" అంది అవ్వ. ప్రేమ లేక కాదు, ప్రేమతోనే అంది. అదే నా ఏడుపు ఇప్పటికీ. వసకొమ్ము అరగదీసి నాకించారు. రబ్బరు పీక ఉన్న గాజుసీసాతో నీళ్లు కలిపిన ఆవుపాలు పట్టారు. విరేచనాలు ఇంకా ఎక్కువయ్యాయి. పొట్ట ఎండితే విరేచనాలు కట్టుకుంటాయని చివరికి అవీ మానిపించారు.

బిడ్డ ఉయ్యాలలో పాల కోసం నోరు తిప్పుతూ ఉండేది... చిన్నమ్మ మూలన కూర్చుని గిన్నెలోకి పాలు పిండేది. ఆ గిన్నె తీసుకెళ్లి అవ్వ పెరట్లో మునగచెట్టు మొదట్లో పోసేది. "ఒక్కతూరి ఇచ్చి చూస్తానక్కా" అని చిన్నమ్మ బతిమాలింది. అమ్మ అవ్వ వైపు చూసింది. అవ్వ తల అడ్డంగా ఊపింది.

బిడ్డ ఏడవడం కూడా మానేశాక, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, రిక్షాలో ఆసుపత్రికి పరిగెత్తారు. మధ్యాహ్నానికే తిరిగి వచ్చేశారు... అమ్మ ఒళ్లో తెల్లగుడ్డ మూటతో.

చిన్నమ్మ ఏడవలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఏడవలేదు. మళ్లీ ఇద్దరు మగపిల్లలు పుట్టినప్పుడూ ఏడవలేదు, చిన్నాన్న పోయినప్పుడూ ఏడవలేదు. రాతిగుండె అన్నారు జనం. తన ఏడుపే బిడ్డను మింగిందని నమ్మిన మనిషి ఇంక ఎలా ఏడుస్తుంది...

మొన్న లాస్‌పేటలో ఉండే మా అమ్మాయికి కాన్పయింది. బాలింతలను చూడడానికి ఇళ్లకు వచ్చే నర్సమ్మ వచ్చింది. బిడ్డను తూచి, మా అమ్మాయి పక్కన కూర్చుని, నిద్ర పడుతోందా, ఏడుపు వస్తోందా అని అడిగింది. అది బావురుమంది. కాన్పయ్యాక చాలామందికి ఇలా ఉంటుందని, ఏడిస్తే పాలకేమీ కాదని, బిడ్డకు విరేచనాలైనా సరే తల్లిపాలు ఆపొద్దని, ఏడుపు తగ్గకపోతే డాక్టరుకు చూపిద్దామని చెప్పి వెళ్లింది.

పురిటి సాయానికని వచ్చిన సరోజ చిన్నమ్మ అక్కడే కూర్చుని బిడ్డ గుడ్డలు మడతపెడుతోంది. చేతులు ఆగిపోయాయి. నా వైపు తిరిగింది.

"అట్లయితే... ఆ పొద్దు నా పాలు మంచివే గదా పాపా?"

ఏడుపు చంపలేదు అంటే, మునగచెట్టుకు పోసిన ఆ పాలే బిడ్డను బతికించేవేమో అని చెప్పినట్టే. అయినా, అవును చిన్నమ్మా అన్నాను. ఆమె మళ్లీ గుడ్డలు మడవసాగింది. కళ్లు పొడిగానే ఉన్నాయి.

ఇప్పుడు పక్కన కూర్చుని అడుగుతున్నారు... అప్పుడూ అడిగారు లెండి, లోటేమిటని. వినేవాళ్లే లేకపోయారు.

మీ ఇళ్లలో బాలింత ఏడిస్తే ఏమనేవాళ్లు? మీ అమ్మనో, అవ్వనో ఒకసారి అడిగి ఇక్కడ రాయండి... అడగడానికి వాళ్లు ఇంకా ఉంటే.